నిన్నటి పులుసు

నర్సీపట్నం బస్టాండు దాటి పక్క సందులోకి తిరిగితే గణేశ్వరరావు హోటలు కనిపిస్తుంది. బోర్డు మీద ఏదో దేవుడి పేరుంది గాని ఆ పేరుతో దాన్నెవరూ పిలవరు. పన్నెండు బల్లలు, రెండు ఫ్యాన్లు, చేతులు కడుక్కునే చోట ఏడాది పొడుగునా కారుతూనే ఉండే ఒక కుళాయి. మీల్స్ కూడా మామూలువే. పప్పు, ఒక వేపుడు, సాంబారు, పెరుగు. వాటికోసమైతే ఈ సందులోకి రావలసిన అవసరం ఎవరికీ లేదు. జనం వచ్చేది నిన్నటి పులుసు కోసం.

చేపల పులుసు వండిన పూటకంటే మర్నాడు బాగుంటుందని ఈ ప్రాంతంలో తెలియనివాళ్లు లేరు. ముక్కకు పులుపూ కారమూ పట్టాలంటే దాన్ని ఒక రాత్రి అలా వదిలేయాలి. ఇళ్లలో అందరూ చేసేదాన్నే హోటల్లో చేసి గణేశ్వరరావు పేరు సంపాదించాడు. చేసింది ఆయన కాదనుకోండి, వంటమనిషి అప్పయ్యమ్మ. సాయంత్రం పెద్ద మట్టి దాకలో వంజరం ముక్కలు వేసి పులుసు దించుతుంది. అందులో గరిటె పెట్టనివ్వదు. గుడ్డతో అంచులు పట్టుకుని దాకనే తిప్పుతుంది. పల్చటి బట్ట కప్పి కిటికీ పక్కన వదిలేస్తుంది. ఫ్రిజ్జులో పెడదామని గణేశ్వరరావు ఒకసారి అంటే, "అలగైతే ఆ ఫ్రిజ్జునే ఒండమను బాబూ, నాను పోతాను" అంది. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు.

పొద్దున్నే బట్ట తీసి దాక మీదికి వంగి, కళ్లు మూసుకుని ఒక్కసారి వాసన చూస్తుంది. తల ఊపిందంటే ఆ రోజు పులుసు ఉన్నట్టు. ఊపలేదంటే మొత్తం కాలవలోకే. ఆ తల ఊపు చూశాకే గణేశ్వరరావు షట్టరు పూర్తిగా పైకెత్తుతాడు. పన్నెండేళ్లుగా ఇదే వరస. బల్లల దగ్గర కూర్చున్నవాళ్లకూ ఈ సంగతి తెలుసు. కొత్తవాళ్లెవరైనా సందేహపడితే పక్కవాడే చెబుతాడు, అప్పయ్యమ్మ ముక్కు చూసిన పులుసు కళ్లు మూసుకుని తినవచ్చని.

ఆ ముక్కు ఊరికే రాలేదు. ఎస్. రాయవరం మండలంలో సముద్రపు ఒడ్డు పల్లెలో పుట్టి, పదేళ్ల వయసు నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగింది. చేపను ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, అది వల్లోంచి బయటపడి ఎన్ని గంటలయిందో, ఐసులో ఎన్ని రోజులుందో చెప్పేసేది. రేవులో చేపల వేలంపాట పాడే షావుకార్లు ఆమె వస్తుంటే మొహాలు పక్కకు తిప్పుకునేవారు. మొగుడు పోయాక, పిల్లలు లేని ఆడది మరిది ఇంట్లో ఎన్నాళ్లు ఉండగలదో అన్నాళ్లూ ఉండి, ఇక్కడికొచ్చి పడింది. హోటలు వెనక గది ఇల్లయింది. ఆమెకు లోకంలో ఉన్న ఆస్తి అంటే ఆ ముక్కొక్కటే.

అది పనిచేయడం మానేసి మూడేళ్లు దాటింది.

ఒక విషజ్వరం వచ్చి పోయింది, పోతూ పోతూ వాసనను పట్టుకుపోయింది. అలా వాసన పోయినవాళ్లు చాలామందే ఉన్నారు, నెలకో రెండు నెలలకో వాళ్లకు తిరిగొచ్చింది. అప్పయ్యమ్మ ఎదురుచూసింది. కర్పూరం నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది, కిరసనాయిలు సీసా మూత తీసి పీల్చింది. ఏమీ లేదు. అయినా రోజూ పొద్దున్నే దాక మీదికి వంగుతూనే ఉంది, కళ్లు మూసుకుంటూనే ఉంది. ఈ నటన ఆమెకు చేతకాదనుకుంటే పొరపాటు. మూడేళ్లు ఆడింది, ఒక్కడూ పట్టుకోలేకపోయాడు.

పట్టుకున్నది అంట్లు తోమే మంగ ఒక్కతే. అది నోరు విప్పలేదు సరికదా, ముక్కు అరువిచ్చింది. వాళ్లిద్దరి మధ్య ఒక ఏర్పాటు ఉండేది. పొద్దున దాక పక్కనుంచి బిందెతో వెళుతూ మంగ వాసన చూసేది. బాగుంటే, "అత్తా, పొయ్యి ముట్టించనా?" అనేది. తేడాగా ఉంటే మాట్లాడకుండా వెళ్లిపోయేది. ఆ మాట వినబడ్డాకే అప్పయ్యమ్మ తల ఊగేది.

మొన్న మే నెలలో, పాయకరావుపేటలో మేనత్త పోయిందని మంగ తెల్లారకుండానే ఆటో ఎక్కేసింది. ఆ ముందు రాత్రి ఊళ్లో ఆకు కదల్లేదు. గోడలు కూడా చెమటలు పట్టేంత ఉక్క.

అప్పయ్యమ్మ ఒక్కతే దాక ముందు నిలబడింది. పైన నూనె తెట్టు చెదరలేదు. అంచుల్లో నురగ లేదు. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. ఉప్పు తెలిసింది, పులుపు తెలిసింది, అంతకు మించి ఆ నాలిక ఏమీ చెప్పలేదు. పారబోసేద్దామనే అనుకుంది. కాని కిందటి నెల ఇలాగే మంగ రాని రెండు రోజులు భయపడి రెండు దాకలు పారబోసింది. రెండోసారి గణేశ్వరరావు కాలవ దగ్గరికి వెళ్లి వంగి చూసి, "బాగానే ఉన్నట్టుంది కదా పిన్నీ, ఈ మద్దిన నీకేటయింది?" అన్నాడు. అన్నవాడు చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు. ఆ చూపు ఆమెకు నిద్రలో కూడా గుర్తొస్తూ ఉంది. ముక్కు లేదని తెలిస్తే ఈ ముసలిదాన్ని ఎవరుంచుకుంటారు? మరిది గుమ్మంలో మళ్లీ నిలబడాలా?

గణేశ్వరరావు షట్టరు కింద చెయ్యి పెట్టి ఆమెకేసి చూస్తున్నాడు. అప్పయ్యమ్మ కళ్లు మూసుకుంది. తల ఊపింది. మరో ఉడుకు వస్తే ఏమైనా ఉన్నా చస్తుందిలే అని తనకు తాను చెప్పుకుంది.

పదకొండున్నరకు పులుసుకు మొదటి బేరం వచ్చింది. సోములనే ముప్పై ఏళ్ల మనిషి, చింతపల్లి అవతల కొండ మీది ఊరు. తల్లిని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. రెండు కళ్లకూ పొరలు కమ్మి ఆమెకు వెలుతురు తప్ప ఏమీ ఆనదు. మర్నాడు పెద్దాసుపత్రిలో ఆపరేషను. తల్లి పుట్టి బుద్ధెరిగాక హోటల్లో కూర్చోవడం అదే మొదలు. సోములు రెండు మీల్స్ చెప్పాడు. పులుసు మాత్రం తల్లికొక్కదానికే చెప్పాడు, పేరున్న పులుసని ఆసుపత్రి దగ్గర ఎవరో చెప్పారట. వడ్డించే బుల్లిబాబు ఆకులు వేశాడు, నీళ్లు పెట్టాడు, స్టీలు గిన్నెలో పులుసు తెచ్చి ముసలామె చేతికి తగిలేలా పెట్టాడు.

ఆమె గిన్నె మొహం దాకా ఎత్తి ఆగిపోయింది.

"ఒరే, ఇది పాసిపోనాదిరా. కంపొస్తంది."

పక్క బల్లవాళ్లు ఇటు తిరిగారు. సోములు మొహం చిన్నబోయింది. "ఊరుకోయే. అందరూ తింతన్నారు, నీకొక్కదానికే కంపేటి?" అని గొంతు తగ్గించి కసిరాడు. నిజానికి అప్పటికి ఇంకెవరి ముందూ పులుసు లేదు.

కౌంటరు దగ్గరనుంచి గణేశ్వరరావు నవ్వాడు. చెడ్డవాడేం కాదు గాని, నలుగురి ముందు నవ్వడం ఆయనకు ఇష్టం. "కొండోళ్లకి సముద్రం సేప కొత్తండీ. ఉండండి, మా పిన్ని సెప్తాది" అని లోపలికి కేకేశాడు. "పిన్నీ, ఓపాలి ఇలాగ రా!"

అప్పయ్యమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గిన్నె అందుకుంది. హోటలంతా ఆమెనే చూస్తోంది. ముసలామె చూపులేని కళ్లు కూడా ఆమెవైపే తిరిగి ఉన్నాయి. ఆ క్షణంలో "నాకు తెలీదు" అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఐదు అక్షరాల మాట. గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని గట్టిగా పీల్చింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

"ఏటీ కాదమ్మా. నిన్నటి పులుసు అలాగే ఉంటాది. కడుపునిండా తిను" అంది.

"ఇన్నావా? పెద్దమ్మ సూసి సెప్పింది" అన్నాడు సోములు. ముసలామె గిన్నె ఆకు దగ్గరికి జరుపుకుంది. కొడుకు పరువు పోగొట్టకూడదనుకుందో, తోటి ముసలిదాని మాట కాదనకూడదనుకుందో, అన్నం కలుపుకుని ఒక్క మెతుకు విడవకుండా తింది. వెళ్లేటప్పుడు వంటింటివైపు తిరిగి చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఆ వైపు నిజంగా వంటిల్లుందో లేదో ఆమెకు కనబడదు.

వాళ్లు వెళ్లిన పావుగంటకు జగదీశ్వరరావు గారొచ్చారు. రిటైరైన హెడ్మాస్టరు, రోజూ వచ్చే మనిషి. గిన్నె దగ్గరికి తీసుకుని, కింద పెట్టి, లేచి వెళ్లి గణేశ్వరరావు చెవిలో ఏదో అన్నారు. గణేశ్వరరావు వంటింట్లోకొచ్చి దాక మీదికి వంగాడు. ముక్కు మూసుకున్నాడు. బుల్లిబాబు చేత చప్పుడు కాకుండా దాక కాలవలోకి వంపించేశాడు.

"పిన్నీ, నీకు తెల్లేదా?"

"ఇప్పుడే పాడైనట్టుంది బాబూ. ఉక్క కదా" అంది అప్పయ్యమ్మ.

ఆయన నమ్మాడో, నమ్మదలచుకున్నాడో. "ఒక్క గిన్నేగా పోనాది. పోన్లే" అని కౌంటరుకు వెళ్లిపోయాడు.

పెద్దాసుపత్రి అక్కడికి రెండు వీధులు. అప్పయ్యమ్మ నడిచినా పది నిమిషాలు పట్టదు. వెళ్లి ఆ ముసలామెను వెతికి డాక్టరుకు ఒక్క ముక్క చెప్పి వస్తే సరిపోయేది. రెండుసార్లు చెప్పుల్లో కాళ్లు పెట్టింది. రెండుసార్లూ తీసేసింది. చెబితే ఎందుకు తెలియలేదని అడుగుతారు. కొండమీద బతికిన మనిషి, రాయి తిన్నా అరిగించుకుంటుంది అనుకుంది. ఇలాంటివి ఎన్ని అనుకోవచ్చో ఆ మధ్యాహ్నమంతా అనుకుంది. సాయంత్రం మళ్లీ వంజరం ముక్కలు కడిగి పొయ్యి మీద పెట్టింది. ఆ చేతులకు సిగ్గు లేదని ఆమెకే అనిపించింది.

మర్నాడు మంగ వచ్చింది. పాయకరావుపేటనుంచి వస్తూ ఆసుపత్రిలో ఆయాగా చేసే చెల్లెలు దేవిశ్రీ దగ్గర ఆగి వచ్చిందట. బిందె దించకుండానే చెప్పింది. కంటి ఆపరేషనుకొచ్చిన కొండ ముసలామె ఒకర్తి నిన్న సాయంత్రం నుంచి వాంతులూ విరేచనాలూ అయి, సెలైన్లు ఎక్కుతుండగానే తెల్లవారుజామున పోయిందని. అప్పయ్యమ్మ మొహం చూసి మంగకు అర్థమైపోయింది.

"అత్తా, నాను లేని రోజు దాక ముట్టొద్దని సెప్పేనా లేదా?"

అప్పయ్యమ్మ గుమ్మం వైపు నడిచింది. చెప్పులు కూడా వేసుకోలేదు. గణేశ్వరరావు షట్టరు కింద చెయ్యి పెట్టి ఎదురుచూస్తుంటే, ఆయన పక్కనుంచే వంగి బయటికి వెళ్లిపోయింది.

ఆసుపత్రి వెనక వరండాలో సోములు గోడకు చేరబడి ఉన్నాడు. పక్కన కొత్త దుప్పటి కప్పిన స్ట్రెచరు. కొండమీదికి తీసుకెళ్లడానికి బండి కోసం చూస్తున్నాడు. అప్పయ్యమ్మను చూడగానే లేచి నిలబడ్డాడు. ఆమె పరామర్శకు వచ్చిందనుకున్నాడు.

"నువ్వొచ్చేవా పెద్దమ్మా" అని ఏడ్చాడు. "దగ్గరోళ్లెవరూ లేరిక్కడ. నువ్వొచ్చేవు."

 ఆమె అతని ముందు నేల మీద కూర్చుంది.

"నాయనా, నాకు వాసన తెలీదు. మూడేళ్లయింది. మీ అమ్మ సెప్పిందే నిజం. ఆ పులుసు పాసిపోనాది. మీరెల్లిపోనాక నాకు తెలిసింది. తెలిసీ రాలేదు."

సోములు ఆమె వైపు ఒక అడుగు వేశాడు. అరుస్తాడనుకుంది. కొడతాడనుకుంది. కొడితే బాగుండునని కూడా అనుకుంది.

"డాక్టరు బాబు అడిగేడు, ఏటి తిన్నాదని" అన్నాడు చివరికి. "పులుసన్నాను. పులుసు మంచిదే, హోటల్లో పెద్దమ్మ సూసి సెప్పిందన్నాను. మరేటి తిన్నాదంటే అంబలి అన్నాను. జీపెక్కే ముందు తాగింది, నాను తాగలేదు. మా ఆడది కాసింది ఆ అంబలి."  దుప్పటి అంచు సర్దాడు. "అంబలేనని అనుకున్నాను పెద్దమ్మా. ఫోన్ సేసి తిట్టేను. మా అమ్మని సంపేసినావే అన్నాను. పుట్టింటికి పొమ్మన్నాను. నానొచ్చేలోగా పొమ్మన్నాను."

అప్పయ్యమ్మ చేతులు జోడించింది. 

సోములు చొక్కా జేబులోంచి ఫోను తీశాడు. నంబరు నొక్కాడు. అటు మోగుతుండగానే దాన్ని ఆమె చేతిలో పెట్టాడు.

"నాకు సెప్పింది సాలు. దానికి సెప్పు."

అటువైపు ఎత్తారు. ఒక ఆడమనిషి ఎవరో ఏమిటో వినకుండానే ఏడుస్తూ మొదలుపెట్టింది. "కడిగే కాసేనయ్యా, కుండ రెండుమార్లు కడిగేను, దేవుడి మీదొట్టు, అంబలి బాగానే ఉన్నాది..."

"అమ్మా" అంది అప్పయ్యమ్మ. "నీ అంబలి కాదమ్మా. నాను నర్సీపట్నం హోటల్లో వంటమనిషిని."