ఎడమకు తిప్పితే టక్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లేదని నాకో గట్టి నమ్మకం. మైత్రీవనంలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి. పిల్లల ప్రోగ్రాంలో తప్పెక్కడుందో ఒక్క చూపులో పట్టేసేవాణ్ణి (అందరూ రోజూ అదే తప్పు చేసేవారు, అది వేరే సంగతి). మా ఆవిడకు ఏడో నెల రాగానే, పంజాగుట్ట ఆసుపత్రికి ఆటోల్లో కుదుపులు పడకుండా తీసుకెళ్లాలని, పదేళ్లు వాడిన కారొకటి కొన్నాను. అమ్మ దానికి పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించింది. మర్నాటి నుంచే గుంతలో పడితే కటకట, స్టీరింగ్ ఎడమకు తిప్పితే టక్.

“మూల తిరిగేటప్పుడు గా స్టీరింగ్ ఊడొస్తే ఏం జేస్తవ్? చప్పుడు పొయ్యేదాంక నేనెక్క” అని మా ఆవిడ మళ్లీ ఆటో పిలిచింది. ఎవరి కోసం కొన్నానో ఆవిడే ఎక్కనంటే నాకు రోషం వచ్చింది. నొప్పులొచ్చిన రోజు ఆటో దొరక్కపోతే ఎలా అని భయం కూడా వేసింది. పాట పెద్దగా పెట్టి చూశాను. అమీర్‌పేటలో మా ఇంటి నుంచి పంజాగుట్టకు ఎడమ మలుపు లేని దారి కోసం కాగితం మీద గీతలు గీశాను (లేదు). చివరికి సనత్‌నగర్‌లో అందరూ భాయ్ అని పిలిచే మెకానిక్ దగ్గరికి వెళ్లి, స్టీరింగ్ మొత్తం ఎందుకు మార్చాలో పావుగంట పాఠం చెప్పాను.

“మంచిదన్నా. జర కూసోని తిప్పు” అన్నాడాయన. కారు కింద దూరి, నేను తిప్పుతుంటే ఒక్కో కీలు మీద చెయ్యి వేసి చూశాడు. చక్రానికి కలిపే రాడ్డు చివర కీలు వదులైందట. అది మార్చగానే కటకట పోయింది. టక్ మాత్రం అలాగే ఉంది. “గిది కింద కాదన్నా, లోపల” అంటూ నన్ను దించి, పెడల్స్ దగ్గర తల పెట్టి టార్చి వేశాడు. తర్వాత, “అన్నా, అమ్మకు ఫోన్ కొట్టు” అన్నాడు.

స్టీరింగ్ నుంచి కిందికి దిగే కడ్డీకి ఎర్రగుడ్డ ముడుపు కట్టి ఉంది. ఎడమకు తిప్పినప్పుడల్లా అందులోని వక్క పక్కనున్న ఇనుముకు కొట్టుకుంటోంది. “తీసి పారెయ్ భాయ్” అన్నాను. “నేను విప్ప. మొక్కి కట్టింది కదా, కట్టినోళ్లే విప్పాలె” అన్నాడు.

అమ్మ, మా ఆవిడ ఆటోలో వచ్చారు. “కోడలు, బిడ్డ సల్లంగ ఇంటికొస్తే విప్పుదమనుకున్న. నీకు చెప్తే నవ్వుతవని చెప్పలే” అంది అమ్మ. నిజమే, నవ్వేవాణ్ణి. ఆ మాటకు సిగ్గేసింది. మొక్కు తీరకముందే విప్పడానికి అమ్మకు చేతులు రాలేదు. “విప్పుతలేవమ్మా, జర జరుపుతున్నవ్. గీ సీటు కింద కట్టు, గిది తిరగది” అన్నాడు భాయ్. అమ్మ కళ్లకద్దుకుని జరిపింది. స్టీరింగ్ ఎడమకు తిప్పాను. ఏ చప్పుడూ లేదు. మా ఆవిడ ముందు తలుపు తీసుకుని కూర్చుంది. పాప ఆ కారులోనే ఇంటికొచ్చింది.

ఈమధ్య కొత్త కారు కొన్నాను. అమ్మ సంచిలోంచి ఎర్రగుడ్డ తీస్తుంటే, అన్నీ తెలిసిన నేను చొక్కా నలుగుతుందని కూడా చూడకుండా కింద దూరి, తిరగని చోటు వెతికాను.