రెండో పిలుపు

జర్మనీలోని కెమ్నిట్జ్‌లో ఒక వృద్ధాశ్రమంలో సగంపూట పనిచేసే ప్రసన్నకుమారికి నలభై ఎనిమిదేళ్ళు. నా వాళ్ళని చెప్పుకోవడానికి ఎవరూ లేరు. ఆమె ఇంట్లో చిన్నగది అద్దెకు తీసుకుని చదువుకునే జెరుషా "అక్కా" అన్నప్పుడల్లా, వినపడనట్టు నటించి రెండోసారి పిలిపించుకుంటుంది. చలికాలం జెరుషా మేజోళ్ళు తనే హీటరు మీద వెచ్చబెట్టి ఆ పిల్ల చేతికిస్తుంది.

ప్రసన్నకుమారి ఇంటద్దెకు సర్కారు కొంత సాయం చేస్తుంది. దాన్నే వోన్‌గెల్డ్ అంటారు. ఇంట్లో ఉండేది బంధువైతే వాళ్ళ సంపాదన కూడా లెక్కలోకొచ్చి సాయం తగ్గుతుంది. ఉత్త అద్దెమనిషైతే తగ్గదు. జెరుషా బేకరీలో పనిచేస్తోంది. మొన్న ఇద్దరూ ఆ సాయమిచ్చే ఆఫీసుకెళ్తే, అక్కడి క్లర్కు "ఈమె మీకేమవుతుంది?" అనడగ్గానే ప్రసన్నకుమారి మురిసిపోతూ "మా చెల్లెలు" అనేసింది.

జెరుషా కంగారుగా ఆమె మోచెయ్యి పట్టుకుని, "అయ్యో, ఏమీ కానని చెప్పక్కా. నిజమే కదా!" అంది తెలుగులో.

ప్రసన్నకుమారి కళ్ళజోడు తీసి, పైటతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "ఏమీ కాదండీ. అద్దెకుంటోంది," అని క్లర్కుతో జర్మన్‌లో చెప్పింది.

తిరుగు ట్రాములో దారంతా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

"అక్కా, మన స్టాపొచ్చింది," అంది జెరుషా.

ప్రసన్నకుమారి మొదటి పిలుపుకే చటుక్కున తిరిగింది.