తాళం వేసిన రైలు పెట్టె

మా సోషల్ మేష్టారు పోయి ఇంకా నెల తిరగలేదు. పలాసలో డయాలసిస్ మంచం మీదే ప్రాణం పోయిందని, ఆ రోజు తోడు వెళ్ళిన వాళ్ళమ్మాయి ఫోన్‌లో చెప్పింది. ఇంటింటా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానంలో ఇలాంటి చావు కబురు వస్తే ఎవరని అడుగుతాం గానీ, ఎందుకని అడగడం ఎప్పుడో మానేశాం. నేను మాత్రం పొయ్యి ఆపేశాను. పదో తరగతితో నా చదువు మాన్పించేస్తుంటే మా నాన్నతో గొడవపడి కాలేజీలో చేర్పించిన మనిషి ఆయన. తర్వాత ఇరవై ఏళ్ళు మా పక్కింట్లోనే ఉన్నారు. ఆ కృతజ్ఞత నాకుంది. అలాగని ఆయన్ని దేవుణ్ణి చేసి చెప్పను, ఆయన మాట సూదిలా దిగేది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో టెక్కలి నుంచి పాతపట్నం బడికి నౌపడ నేరోగేజి చిన్న రైల్లో తిరిగేవారట. అందులోనే పేపర్లు దిద్దారు, అందులోనే పెళ్ళిచూపులకు వెళ్ళారు. పెద్ద లైను వేస్తారని ఆ రైలు ఆపేశాక రెండు పాత పెట్టెలు అమ్మకానికొచ్చాయి. ఊరంతా తిరిగి చందాలు వేయించి, ఒకదాన్ని లారీ మీద మా ఊరి గ్రంథాలయం ఆవరణలోకి తెచ్చారు. రెండోదాన్ని ఆయన శిష్యుడే ఒకడు కొని, పలాస దగ్గర హైవే పక్కన హోటల్ చేశాడు. చెక్క బల్లలు పీకి రెక్సిన్ సోఫాలు వేశాడు, కిటికీలు మూసి ఏసీ పెట్టాడు, చిలకపచ్చ రంగు కొట్టించాడు. బిర్యానీ వచ్చినప్పుడల్లా అక్కడి సర్వరు పచ్చజెండా ఊపుతాడు. మేష్టారు ఆ శిష్యుణ్ణి పేరుతో పిలవడం మానేసి హంతకుడు అనేవారు.

మా పెట్టెకు మాత్రం కంచె, తలుపుకు తాళం. తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండేది. పిల్లలు కంచె పట్టుకుంటే చాలు, ఎదురుగా ఉన్న తన ఇంట్లోంచి కేకలేసేవారు. "ముట్టుకుంటే అరిగిపోద్ది. సూడండి, సాలు" అన్నది ఆయన మాట. ఒకప్పుడు ఆ రైల్లో తిరిగి ఎండుచేపలు అమ్ముకున్న ముసలమ్మ ఒకామె వజ్రపుకొత్తూరు నుంచి వెతుక్కుంటూ వచ్చింది. ఆ బల్ల మీద ఒక్కసారి కూర్చుని లేస్తానని బతిమాలింది. ఒకరిని కూర్చోనిస్తే ఊరంతా కూర్చుంటుందని ఆమెను వెనక్కి పంపేశారు. ఆమె కంచె అవతల నేల మీద కూర్చుని, కాసేపు చూసి వెళ్ళిపోయింది.

కొన్నేళ్ళకు వచ్చిన పెద్ద తుఫానుకు ఆ పెట్టె పైకప్పు ఎగిరిపోయింది. అప్పటికి అందరి కొబ్బరిచెట్లూ నేల మీదున్నాయి, జీడితోటలు వేళ్ళతో సహా లేచిపోయాయి. మేష్టారు ఇంటింటికీ వెళ్ళి ఒక టార్పాలిన్, నలుగురు మనుషులు కావాలని అడిగారు. టార్పాలిన్లు లేక కాదు. మేకల పాకలక్కూడా కప్పుకున్నాం. "తాళం మీకాడే ఉంది కదా మేష్టారూ, మీరే సూసుకోండి" అన్నాడు మా వీధి చివరాయన. ఆ మాట ఊళ్ళో అందరి మనసులోదీ. పాపం అనిపించింది గానీ, తప్పనిపించలేదు. తర్వాతి వానలకు, ఉప్పుగాలికి చెక్కంతా కుళ్ళిపోయి నేల కూలింది. గ్రంథాలయం వాళ్ళు పాత ఇనుముకు అమ్మేశారు. గ్యాస్ కట్టర్లతో మనుషులొచ్చిన రోజున తాళం తీసింది మేష్టారే.

ఆ తర్వాత ఆయన కిడ్నీలు పోయాయి. వాళ్ళమ్మాయి విశాఖలో ఉంటుంది కాబట్టి డయాలసిస్‌కు నేనే తోడు వెళ్ళేదాన్ని. ఒకరోజు తిరిగి వస్తుంటే, ఆటోను హైవే మీద హోటల్ దగ్గరికి పోనిమ్మన్నారు. నేను విననట్టే ఊరుకున్నా, ఆయన ఊరుకోలేదు.

శిష్యుడు పరుగున వచ్చి కాళ్ళకు దండం పెట్టాడు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. అప్పుడు, ఎంతో మర్యాదగా అన్నాడు. "మేష్టారూ, మీరు దాసుకున్న పెట్టి పోనాది. నాను పాడుసేసిన పెట్టిలో రోజూ జనం కూకుంటన్నారు. మీరూ కూకోండి."

కూర్చున్నారు. కిటికీ తీయమన్నారు. అది తెరుచుకోదన్నాడు శిష్యుడు. డబ్బులొద్దని రొయ్యల వేపుడు తెచ్చి పెడితే, తినకూడని మనిషి దాని వంక చూస్తూ కూర్చున్నారు. డాక్టరు చెప్పిన కొలతకు నేను పోసిన నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు.

అప్పటి నుంచి డయాలసిస్ అయిన ప్రతిసారీ అక్కడికే. గోడకు చెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేవారు. ఒక ఆదివారం జనం ఎక్కువయ్యారు. కాస్త బయట కుర్చీలో కూర్చోమని శిష్యుడు మెల్లగా చెప్పాడు. ఆయన గోడ పట్టుకుని లేచారు. మెట్లు దిగుతుంటే భుజం ఆనించాను. "టికెట్టు లేనోడిని దింపెయ్యాలి కదమ్మా" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆయన ముఖంలో మాత్రం ఏమీ లేదు.

పన్నెండో రోజు భోజనాలు కూడా ఆ పెట్టెలోనే పెట్టారు. ఇల్లు చాలదని వాళ్ళమ్మాయి అంది, ఖర్చు తనదని శిష్యుడన్నాడు. బల్లలన్నీ నిండిపోవడంతో మేష్టారి ఫొటోకు లోపల చోటు దొరకలేదు. దండ వేసి బయట బిల్లు కౌంటరు మీద పెట్టారు. తిన్నవాళ్ళు ఒక్కొక్కరే చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఆయన ముందు వంగుతున్నారు. దండం పెడుతున్నారనుకుని నేనూ దగ్గరికెళ్ళాను. ఫొటో ముందున్న గిన్నెలోంచి సోంపు తీసుకుంటున్నారు.