జంట దోనెలు

అనకాపల్లి దగ్గరి ఆవలో షికారు పడవలు నడిపించే బాధ్యత అప్పజెప్పినప్పుడు నాకు ఈత కూడా రాదు. సముద్రానికి దగ్గర్లో ఉండే పెద్ద మడుగును మా వైపు ఆవ అంటారు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. తాటిమాను తొలిచి చేసిన దోనెలను రెండేసి పక్కపక్కన కట్టి, పైన పలక వేసి జనాన్ని కూర్చోబెట్టేవాళ్లం. ఒంటి దోనె ఊరివాళ్లు చేపలకు వెళ్లడానికే. అలవాటు లేనివాడు అందులో తుమ్మినా తిరగబడుతుంది. జంట విప్పి జనాన్ని ఎక్కించకూడదన్నది నేను పెట్టిన ఒకే ఒక్క నియమం.

దోనెలు నడిపేవాళ్లలో పెద్దవాడే నాకు ఆ నీళ్లు నేర్పాడు. దోనె తోసే గెడ ఎక్కడ దిగబడుతుందో, తామర తీగ ఎక్కడ పట్టేస్తుందో అన్నీ చూపించాడు. మొదటిరోజు నుంచీ నన్ను బావా అనే పిలిచాడు. ఆదివారం చర్చి నుంచి నేను నేరుగా రేవుకే పోతుంటే, "దేవుడి తరవాత మీకు ఆవే" అని మా ఆవిడ దెప్పేది. దెప్పితే దెప్పనీ, నిజమే కదా. పొద్దున్నే అక్కడ నిలబడితే చాలు, నాకు ఇంకే ఉద్యోగం మీదా ఆశ ఉండేది కాదు. ఆ సంగతి అతనొక్కడితోనే చెప్పుకున్నాను.

ఒకరోజు నేను అనకాపల్లి ఆఫీసుకు వెళ్లి వచ్చేసరికి, సబ్బవరం నుంచి వచ్చిన మొగుడూ పెళ్లాం రేవులో తడిసి ముద్దై వణుకుతున్నారు. త్వరగా తిరిగి వెళ్లాలని వాళ్లు తొందరపెడితే, నన్ను బావా అనే అతనే, వేగంగా పోతుందని జంట విప్పి ఒంటి దోనెలో ఎక్కించాడట. నడుం లోతులో బోల్తా పడింది కాబట్టి బతికిపోయారు. ఫిర్యాదు మాత్రం పైకి వెళ్లింది.

విచారణకు వచ్చిన ఆఫీసరు రేవులోనే కుర్చీ వేయించుకుని, జంట తాడు ఎవరు విప్పమన్నారని అతన్ని అడిగాడు. అతను చేతులు కట్టుకున్నాడు.

"మేనేజరు గారే ఇప్పీమన్నారండి. మాదేటుందండి, సెప్పినట్టు సేత్తాం."

మేనేజరు గారు. అన్నేళ్లలో అతని నోట ఆ పిలుపు వినడం అదే మొదలు. ఆ వేళ నేను అక్కడ లేనే లేనన్నాను. వెళ్లేముందే నేను చెప్పి వెళ్లానని అతను అన్నాడు. మిగతా దోనెలవాళ్లను అడిగితే నీళ్లు నమిలారు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, అలా అయింది నా పని. వారం తిరక్కుండా నన్ను తీసేశారు.

మర్నాడు అతను మా గుమ్మంలోకి వచ్చాడు.

"కోపం పెట్టుకోకు బావా. నన్ను తీసేత్తే ఏటి సేత్తాను? నాకు ఆవ తప్ప ఇంకేటీ తెల్దు. నీకు సదువుంది, ఎక్కడైనా బతుకుతావు."

తలుపు వేసేశాను. అతను ఆ మాట అబద్ధం చెప్పలేదు. చదువు ఉంది కాబట్టే కోటవురట్లలో ఎరువుల గోదాములో పని దొరికింది, బతికాను. కానీ ఎక్కడైనా బతకడం కాదు, అక్కడే బతకడం నాకు కావాలని లోకంలో తెలిసినవాడు అతనొక్కడే. తెలిసే ఆ పని చేశాడు.