పుచ్చుకున్నానన్న ఒక్క మాట

రిజిస్ట్రారాఫీసు వరండాలో కూర్చునే దస్తావేజుల లేఖరికి ఒక చాదస్తం ఉంది. దానపత్రం రాయించుకోవడానికి ఎవరొచ్చినా, ఇచ్చేవాళ్ల ఎదుటే పుచ్చుకునేవాళ్ల చేత "పుచ్చుకుంటున్నాను" అని పైకి అనిపిస్తాడు. వాళ్లు సంతకం పెట్టి, సిరా ఆరేదాకా కాగితం మీంచి చెయ్యి తియ్యడు. ఇంట్లో భార్య మంచినీళ్లిచ్చినా "పుచ్చుకున్నా" అని గొణుగుతాడు. జనం నవ్వుకుంటారు, ఆయన నవ్వడు.

నాలుగేళ్ల కిందట, రిటైరైన ఒక టీచరమ్మ తనకు పదేళ్లు సేవ చేసిన ఆయాకి ఇల్లు దానంగా రాసి సంతకం పెట్టేసింది. ఆయా మాత్రం "నాకెందుకమ్మా ఇల్లు? కాస్త ఆలోచించుకోనీండి" అని వెనక్కి తగ్గింది. "తొందరేముంది, సోమవారం రా" అన్నాడు లేఖరి సంచీ సర్దుకుంటూ. ఆదివారం మధ్యాహ్నం టీచరమ్మ కన్నుమూసింది. ఇచ్చిన మనిషి బతికుండగా పుచ్చుకోకపోతే దానం చెల్లదు. ఇల్లు టీచరమ్మ అన్న కొడుకుల పాలైంది. ఆ సంగతి లేఖరే వెళ్లి ఆయాకి చెప్పి, తప్పు తనదేనన్నాడు. "ఇద్దామనుకున్నారు కదయ్యా, నాకదే చాలు" అని ఆయాయే ఆయన్ని ఓదార్చింది. ఇప్పటికీ ఆమె బజారులో కనిపిస్తే నవ్వుతూ దగ్గరికొస్తుంది. ఆమె నోరు తెరిచేలోగా ఆయన పక్క సందులోకి తిరిగిపోతాడు.