నేను చూడని మోటారు దొంగతనం కేసు

పోయిన ఆదివారం పొద్దున్నే జగిత్యాల నుంచి మా బావ ఫోన్ చేశాడు. బావంటే మా అక్క భర్త, సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటు. చిన్న కూతురికి లాసెట్‌లో మంచి ర్యాంకు వచ్చిందట, జడ్జి అవుతానంటోందట. "నువ్వొకసారి ఇంటికి రా. కాలేజీ ఆప్షన్లు పెట్టాలె. దినాం పోయి కూసునే కాలేజే సూడాలె. అటెండెన్స్ లేని దాంట్ల ఏస్తే పిల్ల బతుకు ఖరాబైతది" అన్నాడు. సిరిసిల్లలో నా గదిలో ఆఫీసు చీర ఇస్త్రీ చేసుకుంటూ ఈ మాట విన్నాను. చీర కాలలేదు గానీ కడుపు మాత్రం మండింది.

మా పుట్టిల్లు కోరుట్ల. బాపు తాటిచెట్లు ఎక్కేవాడు. నా చిన్నప్పుడు ఆయన్ను ఏదో కల్లు కేసులో కోర్టుకు పిలిపించారు. భయపడుతూ పోయిన మనిషి నవ్వుకుంటూ తిరిగొచ్చాడు. "ఆడామె బిడ్డా, జడ్జి. గంత పెద్ద కుర్సీల కూసోని నన్ను 'మీరు' అన్నది" అని మా వాడంతా తిరిగి చెప్పుకున్నాడు. ఊళ్లో బాపును మీరు అన్నవాళ్లను నేను చూడలేదు. ఆ రోజే నేను జడ్జిని కావాలనుకున్నాను. ఇంట్లో ఎవరూ నవ్వలేదు, బావను అడగమన్నారు, అంతే. మావంటి ఇళ్లలో ఒక్కరికి సర్కారు నౌకరీ ఉంటే చాలు, జ్వరానికి ఏ గోలీ వేసుకోవాలన్నా, బోరు ఎక్కడ వేయాలన్నా అతన్నే అడుగుతారు. బావకు తెలియనిది లేదని మేమందరం అనుకున్నాం. కొన్నాళ్లకు ఆయన కూడా అనుకున్నాడు.

డిగ్రీ అయ్యాక నాకు రెండు చోట్ల లా సీటు వచ్చేలా ఉంది. ఒకటి దూరాన యూనివర్సిటీ కాలేజీ. అక్కడ హాస్టల్లో ఉండి రోజూ క్లాసుకు పోవాలి. రెండోది పరీక్షలప్పుడు మొహం చూపిస్తే చాలనే ప్రైవేటు కాలేజీ. బావ మంచం మీద కూర్చుని, అక్క ఇచ్చిన చాయ్ ఊదుకుంటూ తేల్చేశాడు. "సర్కారు నౌకరీకి పట్టా ఉంటె సాలు. ఏ కాలేజని ఎవడడుగుతడు? ఇంట్ల కూసోని పుస్తకాలు సదువుకో, గదే ఫాయిదా." కన్న అవ్వకు నన్ను దూరం పంపే బాధ తప్పింది. నిజం చెప్పాలంటే నేనూ సంతోషపడ్డాను. హాస్టల్ అంటే నాకూ భయమే. ఆ సంతోషానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

మూడేళ్లలో కాలేజీ మెట్లెక్కింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పుస్తకాలు మాత్రం బట్టీ పట్టాను, నిద్రలో లేపి అడిగినా సెక్షన్లు చెప్పేదాన్ని. ఆఖరి ఏడాది కోర్టుకు పోయి, కేసులు నడవడం చూసి, చూసింది రికార్డులో రాయాలి. కాలేజీలో ఒక సీనియర్ రికార్డు చేతులు మారుతూ తిరుగుతుండేది. పొలం దగ్గర కరెంటు మోటారు దొంగతనం కేసు అందులో ఉండేది. నేనూ దాన్నే ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించాను. మంచి మార్కులే వచ్చాయి. జగిత్యాలలో అక్క ఇంటికి పోయినప్పుడల్లా కోర్టు ముందు నుంచే పోయేదాన్ని. నల్లకోట్ల వాళ్లు బయట చాయ్ తాగుతూ కనిపించేవారు. ఒక్కసారి గేటు దాటి లోపలికి పోదామని తోచలేదు. అన్నీ పుస్తకంలో ఉన్నాయి కదా అనుకున్నాను.

జడ్జి పరీక్ష రెండోసారికి రాతలో గట్టెక్కాను. ఇంటర్వ్యూలో పెద్దాయన ఒకరు మెత్తగా అడిగారు. "చదువుకునేటప్పుడు మీరు చూసిన కేసు ఒకటి చెప్పండమ్మా." నేను మోటారు దొంగతనం అప్పజెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "సాక్షి వచ్చాక మొదట ఏం జరిగింది? మీరు చూసింది చూసినట్టు చెప్పండి" అన్నారు. "భగవద్గీత మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడు సార్" అన్నాను. అసలు కోర్టులో భగవద్గీత తేరని, చట్టంలో అలా లేదని నాకు తెలుసు. కానీ నా కళ్లు చూసింది సినిమా కోర్టునే, నోట్లోంచి అదే వచ్చింది. బల్ల వెనుక వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మీరెప్పుడైనా కోర్టు లోపలికి వెళ్లారా అమ్మా?" అని అడిగారు. వెళ్లలేదని చెప్పి ఉంటే ఏమయ్యేదో. "వెళ్లాను సార్" అన్నాను. ఆయన కాగితాలు సర్దుకుని "సరే, వెళ్లి రండి" అన్నారు. జాబితాలో నా పేరు లేదు. ఆ తర్వాత వయసు దాటిపోయింది.

సిరిసిల్లలో ఒక సర్కారు ఆఫీసులో గుమస్తా ఉద్యోగం వచ్చింది. కోర్టు కేసుల ఫైళ్లు నా సీటుకే ఇచ్చారు, లా చదివింది కదా అని. మొదటిసారి ఫైలు పట్టుకుని సిరిసిల్ల కోర్టు హాల్లోకి పోయిన రోజు వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఒక సాక్షి వచ్చి, చేతులు కట్టుకుని, దేవుని సాక్షిగా నిజం చెబుతానని నాలుగు మాటలన్నాడు. గ్రంథం లేదు, గంట లేదు. అయిదు నిమిషాల్లో అయిపోయింది. బయటికొచ్చి స్కూటీల మధ్య నిలబడి ఏడ్చాను.

బావ ఫోన్ చేసిన ఆదివారమే బస్సెక్కి జగిత్యాల పోయాను. పిల్ల కంప్యూటరు ముందు కూర్చుంది, నేను పక్కన. మొదటి ఆప్షన్‌గా యూనివర్సిటీ కాలేజీ పెట్టించాను. బావ మెచ్చుకోలుగా తలూపి కూతురితో అన్నాడు. "సూసినవా? మీ చిన్నమ్మకు సుత నేను గప్పుడే జెప్పిన, మంచి కాలేజీల చేరుమని. ఇనలే."

పిల్ల నా వైపు తిరిగింది. "నిజమా చిన్నమ్మా?"

ఈసారి అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "కాదు బిడ్డా. ఏ కాలేజైతే ఏందన్నడు మీ డాడీ" అన్నాను.

అక్క వంటింట్లోకి వెళ్లిపోయింది. బావకు కోపం రాలేదు. కోపమొచ్చినా బాగుండేది. నిజంగానే ఆలోచనలో పడి, నుదురు రుద్దుకుని, "గట్లన్ననా? నాకు యాదికి లేదు" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆ మాట ఆయన ఎన్నేళ్ల కింద మరిచిపోయాడో, అన్నేళ్లుగా నేను దాంతోనే బతుకుతున్నాను.