పిన్ను సంగతి ఆమెకెలా తెలుసు?

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వి లేచి వెళ్లిపోయే మనిషిని నేను. జగిత్యాల దగ్గర మా ఊళ్లో చిన్నప్పుడు శ్మశానం పక్కనుంచే పొలానికి పోయేవాణ్ని, ఏనాడూ భయం తెలియలేదు. అందుకే ఈ సంగతి రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు.

సూరత్ రింగ్ రోడ్‌లోని చీరల మార్కెట్లో నాది ప్యాకింగ్ పని. చీర మడతపెట్టి, అట్టకు చుట్టి, పిన్నులు గుచ్చాలి. రెండు చేతులకూ పని ఉంటుంది కాబట్టి పిన్నులు పెదాల మధ్య పట్టుకుంటాం. అందరిదీ అదే అలవాటు.

ఉండేది అక్కడి లింబాయత్ బస్తీలో ఒక గది. నాతో ఉండే ఇద్దరూ మగ్గాల పని మానేసి ఊరికి పోయాక ఒక్కణ్నే మిగిలాను. తెలుగు మాట్లాడేది ఫోన్లోనే.

ఆ ఎండాకాలం కడుపులో సన్నగా నొప్పి మొదలైంది. తరువాత విరేచనం తారులా నల్లగా రాసాగింది. మెడికల్ షాపులో గ్యాస్ గోళీలు తెచ్చుకున్నాను. వారం తిరిగేసరికి మెట్లెక్కితే కళ్లు చీకట్లు కమ్మేవి. నా భార్య లక్ష్మి ఫోన్ చేస్తే బాగానే ఉన్నానన్నాను. అంత దూరంలో ఉండి ఆమె మాత్రం ఏం చేస్తుంది?

ఒక సోమవారం పొద్దున పనికి పోలేక ఆస్పత్రికి పోయాను. డాక్టరుకు కడుపులో మంట అని మాత్రమే చెప్పాను. నల్ల విరేచనం సంగతి సిగ్గుతో దాచాను. ఆయన గోళీలు రాసిచ్చాడు. ఆ చీటీతో బయట బెంచీ మీద కూలబడ్డాను.

పక్కన నీలం చుక్కల చీరలో ఒక పెద్దమ్మ కూర్చుని ఉంది.

"ఏ ఊరు బిడ్డా నీది?" అంది.

తెలుగు వినగానే ఆమె వైపు జరిగాను. ఊరు చెప్పాను. వానలు పడ్డాయా, పిల్లలెందరు, ఎవరు వండిపెడుతున్నారు అని ఒక్కొక్కటే అడిగింది. నా పని ఏమిటో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. అది నాకు గట్టిగా గుర్తుంది.

తరువాత మెల్లగా అంది. "మా ఆయన గూడ గిట్లనే పిన్నులు నోట్ల పెట్టుకుంటుండె. ఒకటి కడుపులకు పోయింది, ఆయనకే ఎరుక లేదు. నల్లగ పోతుంటె గ్యాస్ అనుకున్నడు. దక్కలేదు. నువ్వు గోళీలు పట్టుకొని పోకు బిడ్డా. లోపలికి పోయి అంత చెప్పు. ఫోటో తీయమను."

"నేనేం మింగలేదు పెద్దమ్మా."

"ఆయన గూడ గట్లనే అన్నడు. లే, జర పో."

లేచి మళ్లీ డాక్టరు దగ్గరికి పోయాను. సిగ్గు విడిచి అంతా చెప్పాను. డాక్టరు ముఖం మారిపోయింది. ఎక్స్‌రేలో పిన్ను తెల్లగా కనబడింది. కడుపు గోడకు గుచ్చుకుని రోజూ కొంచెం కొంచెంగా రక్తం కారుతోందట. నోట్లోంచి గొట్టం వేసి దాన్ని తీశారు. రెండు సీసాల రక్తం ఎక్కించారు.

మూడో రోజు కాస్త నడవగలిగాక ఆమె కోసం వెతికాను. ఆ రోజు బెంచీ ఎదురుగా ఉన్న వార్డుబాయ్‌ని అడిగితే అతను నన్ను గుర్తుపట్టాడు.

"నువ్వొక్కడివే కూర్చున్నావు భాయ్. నీలో నువ్వే మాట్లాడుకుంటుంటే జ్వరమేమో అనుకున్నా," అన్నాడు హిందీలో.

రక్తం బాగా తగ్గితే లేనివి కనిపించవచ్చని డాక్టరు అన్నాడు. కావచ్చు. కానీ కడుపులో పిన్ను ఉన్నట్టు నాకే తెలియదు కదా. దాన్ని ఎప్పుడు మింగానో ఇప్పటికీ తెలియదు.

మొన్న ఊరికి పోయినప్పుడు లక్ష్మికి ఇదంతా చెప్పాను. ఆమె భయపడలేదు. "పేరన్న అడుగకపోతివా?" అంది.

అడగలేదు. ఎన్నాళ్లకో ఒకరు నన్ను అడుగుతుంటే చెప్పుకోవడమే సరిపోయింది. ఆమె గురించి ఒక్క మాటైనా అడగాలని నాకు తోచలేదు.